ఖాళీ గడుల ద్రష్ట – మెండలీఫు

అక్షరాభ్యాసము చేసిన ప్రతి తెలుగు బిడ్డయు క వర్గము వల్లించుచు, కడపటి ఙ కడ ఒక్క క్షణము తడబడును. ఆ అక్షరముతో మొదలగు మాట తెలుగున ఒక్కటియు లేదు. వాఙ్మయము వంటి ఏ యొకటి రెండు పదములలోనో తప్ప దానితో మనకు పనిపడదు. ఇట్టి అక్షరమును ఏల నేర్పవలెనని తెలివిగల పిల్లలు అడుగుదురు. తెలుగు బోధించుటయే వృత్తిగా జీవితము గడపిన నేను ఈ ప్రశ్న ఎన్నిమారులు వింటినో లెక్కలేదు. సమాధాన మొక్కటియే. మన పూర్వులు అక్షరములను తోచినట్లు పేర్చలేదు. అడ్డముగా చదివినచో ఒక్కొక్క వర్గము నోటిలో ఒక్కొక్క స్థానమున పుట్టినది. నిలువుగా చదివినచో పరుషము లొక వరుస, సరళము లొక వరుస, అనునాసికము లొక వరుస. కంఠమున పుట్టు అనునాసికమునకు ఒక చోటు ఉండితీరవలెను. మన కది అక్కరకు వచ్చినను రాకున్నను, ఆ చోటును వ్యవస్థయే కోరును.

ఇట్టి ఆలోచననే పందొమ్మిదవ శతాబ్దమున రష్యాదేశపు అధ్యాపకు డొకడు ప్రకృతి విషయమున చేసెను. సమస్త పదార్థములకును ఆధారమైన మూలకములను ఆయన వరుసలలో పేర్చెను. వరుస కోరినచోట తగిన మూలకము దొరకకున్నచో, ఆ గడిని ఖాళీగా విడిచెను. అంతటితో ఆగక, అప్పటికి ఏ మానవుడును కనని ఆ మూలకములకు పేర్లు పెట్టి, వాని బరువు, సాంద్రత, గుణములు ముందుగనే ప్రకటించి, అవి దొరకువరకు వేచియుండెను. ఆయనయే దిమిత్రి ఇవనోవిచ్ మెండలీఫు. నేడు మన పాఠశాలలలో గోడపై వ్రేలాడు ఆవర్తన పట్టికకు మూలపురుషుడు. నేను రసాయన శాస్త్రము చదివినవాడను గాను. అయినను ఈ కథ చెప్పుటకు సాహసించుచున్నాను. ఏలయన ఆ పట్టిక ప్రయోగశాలలో పుట్టలేదు. విద్యార్థుల కొరకు వ్రాయుచున్న ఒక పాఠ్యగ్రంథము మధ్యలో పుట్టినది. ఇది మొదట ఒక ఉపాధ్యాయుని కథ.

సైబీరియాలోని టొబోల్స్క్ పట్టణమున 1834 ఫిబ్రవరి 8వ తేదీన మెండలీఫు జన్మించెను. పెక్కుమంది సంతానములో అతడు కడగొట్టువాడు. తండ్రి ఇవాన్ ఆ యూరి ఉన్నత పాఠశాలకు అధిపతి. కాని కుమారుడు పుట్టిన యేడే ఆయనకు చూపు మందగించి, ఉద్యోగము వదలుకొనవలసి వచ్చెను. చిన్న పింఛనుతో అంత పెద్ద కుటుంబము గడచుట యెట్లు? తల్లి మరియా వెనుదీయలేదు. పుట్టింటివారికి సమీప గ్రామమున ఒక గాజు కర్మాగారము ఉండెను. ఆమె దాని నిర్వహణభారము తలపైన వేసికొని, ఇంటిని నిలబెట్టెను. ఇసుక నిప్పులో కరగి, నిర్మలమైన గాజుగా మారుటను ఆ బాలుడు పాఠశాలకు పోకమునుపే కనులార చూచెను. పదార్థము రూపు మార్చుకొనుటను గూర్చిన తొలిపాఠము అతనికి తల్లి కొలిమి కడనే లభించినది.

1847లో తండ్రి కన్నుమూసెను. మరుసటి యేడు ఆ కర్మాగారము అగ్నికి ఆహుతియయ్యెను. ఏబది యేండ్లు దాటిన ఆ తల్లికి మిగిలినది కొద్దిపాటి ధనమును, చదువుపై ఆసక్తిగల కడపటి కొడుకును. గణితము, ప్రకృతిశాస్త్రములు అనిన అతనికి ప్రాణము. లాటిను భాష అనిన తలనొప్పి. అయినను ఈ బిడ్డ పెద్ద చదువు చదివితీరవలెనని ఆమె నిశ్చయించుకొనెను. 1849లో కుమారుని, ఒక కుమార్తెను వెంటబెట్టుకొని ఆమె మాస్కోకు బయలుదేరెను. సైబీరియాకు రైలుమార్గము లేని కాలమది. రెండువేల కిలోమీటర్లకు పైబడిన దూరము. ఇంత కష్టపడి చేరినను, సైబీరియా పాఠశాలలో చదివినవానికి చోటు లేదని మాస్కో విశ్వవిద్యాలయపు తలుపులు తెరచుకొనలేదు. ఆమె నిరాశపడక పీటర్సుబర్గునకు పయనమయ్యెను. తుదకు 1850లో, తండ్రి చదివిన ప్రధాన బోధనాభ్యసన సంస్థయందే, ప్రభుత్వవ్యయముతో కుమారునకు ప్రవేశము లభించెను. అనగా ఉపాధ్యాయులను తయారుచేయు సంస్థ.

కొడుకును గడప దాటించుటకే ప్రాణము నిలుపుకొన్నదా అన్నట్లు, ఆ సంవత్సరమే ఆ తల్లి మరణించెను. ముప్పదియేడు సంవత్సరముల పిమ్మట, ద్రావణములను గూర్చి తాను వ్రాసిన ఉద్గ్రంథమును మెండలీఫు ఆమె స్మృతికే అంకిత మొనర్చెను. లోకము తనను మహాశాస్త్రజ్ఞుడని కొనియాడుచున్న దినములలోను ఆయన ఆ ప్రయాణమును మరువలేదు.

1855లో స్వర్ణపతకముతో విద్య ముగించెను గాని, అప్పటికే ఊపిరితిత్తులు చెడినవని వైద్యులు భయపడిరి. వెచ్చని దక్షిణదేశమునకు పొమ్మనిరి. క్రిమియాలోని సింఫెరొపోల్‌నందును, ఆపై ఒడెస్సాయందును ఆయన ఉపాధ్యాయుడుగా పనిచేసెను. ఆరోగ్యము కుదుటబడగా రాజధానికి మరలివచ్చి, 1859లో ఉన్నత పరిశోధనకై జర్మనీలోని హైడల్‌బర్గునకు వెళ్లెను. అచట ఉండగనే ఆయన జీవితమును మలుపు త్రిప్పిన సంఘటన జరిగెను.

ఆ కాలపు రసాయన శాస్త్రము ఎట్లుండెనో పాఠకులు ఊహించుకొనవలెను. 1789లో లవోయిజే మహాశయుడు మూలకముల జాబితా నొకదానిని కూర్చినప్పుడు అందులో ఉన్నవి 33. వానిలోను వెలుతురు, వేడిమి చేరియుండెను. ఆపై ఏటికేడు క్రొత్త మూలకములు బయటపడుచుండెను. కాని వాని పరమాణు భారములను గూర్చి పండితులకు ఏకాభిప్రాయము లేదు. ఆమ్లజని భారము కొందరికి 8, మరికొందరికి 16. బొగ్గు నొకరు 6 అనిన, వేరొకరు 12 అందురు. వర్ణక్రమమే స్థిరపడని భాషలో వ్యాకరణము వ్రాయుట ఎంత కష్టమో, ఈ స్థితిలో మూలకములను వర్గీకరించుట అంత కష్టము.

ఈ గందరగోళమును తీర్చుటకై 1860 సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్‌స్రూ నగరమున నూరుమందికి పైబడిన రసాయన శాస్త్రజ్ఞులు సమావేశమైరి. ఇటలీదేశస్థుడగు కానిజారో, తన దేశీయుడైన అవొగాద్రో 1811లోనే ప్రతిపాదించిన సిద్ధాంతము నాధారముగా గొని, పరమాణు భారములను నిర్ణయించు నిశ్చితమైన మార్గమును వివరించెను. ఆ సభలో ఇరువదియారేండ్ల మెండలీఫు కూర్చుండియుండెను. ఆయన చేతికి అక్కడ దొరకినది ఒక కొలబద్ద. దానితో కొలువవలసినది సృష్టి యంతయు.

న్యాయమునకు ఒక మాట చెప్పవలెను. మూలకములలో క్రమమును వెదకినవారిలో మెండలీఫు మొదటివాడు గాడు. డోబెరైనరు అను జర్మను పండితుడు 1829 నాటికే కొన్ని మూలకములు మూడేసిగా జట్టుకట్టుటను గుర్తించెను. కాల్షియం 40, బేరియం 137. ఈ రెంటి సరాసరికి చేరువగా 88 భారముతో నడుమ నిలుచునది స్ట్రాన్షియం. మూడింటి స్వభావము నొక్కటియే. ఇంగ్లండులో న్యూలాండ్సు 1865లో మూలకములను భారక్రమమున పేర్చి, స్వరములలోవలె ప్రతి యెనిమిదవదియు మొదటిదానిని పోలుచున్నదని చెప్పెను. లండను రసాయన శాస్త్ర సంఘమువారు నవ్విరి. అకారాదిక్రమమున పేర్చి చూచితివా యని ఒక సభ్యు డెత్తిపొడిచెను. ఆ పరిహాసము అన్యాయమే. కాని న్యూలాండ్సు పట్టికలో లోపమును లేకపోలేదు. ఆయన అన్ని చోటులను నింపవలెనని తొందరపడి, కొన్నిచోట్ల రెండేసి మూలకములను ఒకే గడిలో ఇరికించెను. తెలిసినదే సర్వమని భావించుట ఆ పట్టికను చెరచినది.

మెండలీఫు 1861లో స్వదేశమునకు తిరిగివచ్చి, 1867లో పీటర్సుబర్గు విశ్వవిద్యాలయమున సాధారణ రసాయన శాస్త్రాచార్యు డయ్యెను. విద్యార్థుల చేతిలో పెట్టదగిన మంచి గ్రంథము రష్యనుభాషలో కనబడలేదు. లేనిదానిని గూర్చి వాపోవుటకన్న వ్రాయుటయే మేలని, రసాయన శాస్త్ర మూలసూత్రములు అను గ్రంథమును 1868లో ఆరంభించెను. మొదటి సంపుటము క్లోరిన్, బ్రోమిన్ మున్నగు లవణజనక మూలకముల వరకు సాగెను. తరువాత సోడియం, పొటాసియం మొదలగు క్షారలోహములు. ఆపైన ఏది? అప్పటికి తెలిసిన మూలకములు 63. వానిలో ఎనిమిదింటిని మాత్రమే మొదటి సంపుటమున వివరముగా చెప్పియుండెను. తక్కినవానిని ఏ వరుసలో చెప్పవలెను? దేని తరువాత దేనిని చెప్పిన విద్యార్థికి బోధపడును? పాఠ్యప్రణాళిక వేసికొను ప్రతి ఉపాధ్యాయునికిని ఎదురగు ప్రశ్నయే ఇది. తేడా యేమనగా, సామాన్యుడు ఏదో ఒక వరుసతో సరిపుచ్చుకొనును. ఈయన అట్లు సరిపుచ్చుకొనలేదు.

నేటి పంచాంగము ప్రకారము 1869 మార్చి 1. ఆ దినమున ఆయన జున్ను తయారుచేయు కేంద్రములను తనిఖీచేయుటకై ప్రయాణము కావలసియుండెను. ఆ పనికి సంబంధించిన యొక లేఖ వెనుకవైపుననే ఆయన మూలకముల భారములను వ్రాసి పోల్చుట మొదలిడెను. చీట్లపై మూలకముల పేర్లు వ్రాసికొని పేకముక్కలవలె పేర్చెననియు, తుదకు కలలో పట్టిక కనబడెననియు కథలు కలవు. కల వచ్చెనో లేదో గాని, ఆ కలకు ముందు పదేండ్ల మెలకువ ఉన్నదని మనము మరువరాదు.

ఆయన చూచిన దేమి? లవణజనకములను, క్షారలోహములను పక్కపక్కన నిలిపి చూడుడు. ఫ్లోరిన్ 19, సోడియం 23. క్లోరిన్ 35.5, పొటాసియం 39. బ్రోమిన్ 80, రుబీడియం 85. అయొడిన్ 127, సీసియం 133. స్వభావమున ఉత్తర దక్షిణ ధ్రువములవంటి ఈ రెండు కుటుంబములును భారక్రమమున ప్రతిమారును ఇరుగుపొరుగున నిలిచియున్నవి. ఇది కాకతాళీయము కానేరదు. అట్లే లిథియం మొదలు ఫ్లోరిన్ వరకు సాగిన, ఇతర మూలకములతో చేరు శక్తి 1, 2, 3, 4 అని పెరిగి, మరల 3, 2, 1 అని తగ్గును. సోడియంతో మరల ఒకటి మొదలగును. భారము ఏకముఖముగా పెరుగుచున్నను, గుణములు మాత్రము ఋతువులవలె తిరిగి తిరిగి వచ్చుచున్నవి. ఈ తిరిగివచ్చుటనే ఆవర్తనము అంటిమి. ఆ నియమమునకు ఆవర్తన నియమమని పేరు.

నియమము కనబడినంతనే చిక్కులును కనబడినవి. జింకు భారము 65. దాని తరువాత అప్పటికి తెలిసినది 75 భారముగల ఆర్సెనిక్. వరుస తప్పక పేర్చినచో ఆర్సెనిక్ అల్యూమినియం కుటుంబమున పడును. కాని గుణములన్నియు ఫాస్ఫరసువి. మరి దానిని ఎక్కడ ఉంచవలెను? మెండలీఫు గుణమునే నమ్మి ఆర్సెనిక్‌ను ఫాస్ఫరసు సరసన నిలిపెను. అప్పుడు అల్యూమినియం, సిలికాన్‌ల సరసన రెండు గడులు ఖాళీ పడినవి. ఆయన వానిని దాచలేదు. ప్రశ్నార్థకమును వేసి, ప్రక్కన 68, 70 అని అంకెలు వ్రాసెను. వేరొకచోట 45 అని మరియొక ప్రశ్నార్థకము. అచ్చుకు వెళ్లిన ఆ మొదటి పట్టికలోనే ఈ గుర్తులు ఉన్నవి. అదే మార్చినెలలో రష్యా రసాయన శాస్త్ర సంఘమునందు ఆయన మిత్రుడు మెన్షుట్కిన్ ఆ పత్రమును వినిపించెను. సభవారు పెద్దగా చలింపలేదు.

ఖాళీలు విడుచుట ఒక సాహసము. పెద్దలు నిర్ణయించిన అంకెలను తప్పనుట అంతకుమించిన సాహసము. బెరీలియం భారము 14 అని పలువురు చెప్పుచుండిరి. అట్లయిన దానికి పట్టికలో చోటు లేదు. కావున 9 అయియుండవలెనని మెండలీఫు వాదించెను. ఇండియం 75 కాదు, 113 అనెను. యురేనియం 120 కాదు, దానికి రెట్టింపు 240 అనెను. ముప్పదియైదేండ్ల ఆచార్యుడు, యూరపు పండితులు తూచిన తూకములను తన గదిలో కూర్చుండి దిద్దుచున్నాడనిన ఎవరు నమ్ముదురు? కాని కాలక్రమమున ఈ మూడు దిద్దుబాట్లును సరియైనవేయని తేలినది.

1871లో ఆయన తన ప్రతిష్ఠనంతయు ఒడ్డెను. మూడు ఖాళీ గడులలో ఉండవలసిన మూలకముల జాతకములను సవిస్తరముగా ప్రకటించెను. పేరు లేనివానిని పిలుచుట యెట్లు? ఇచట ఆయన సంస్కృతమును ఆశ్రయించెను. బోరాన్ తరువాతిది ఏక-బోరాన్, అల్యూమినియం తరువాతిది ఏక-అల్యూమినియం, సిలికాన్ తరువాతిది ఏక-సిలికాన్. ఇంకను దూరపువానికి ద్వి అను ఉపపదము. చిన్ననాడు లాటినుతో విసిగిన రష్యను బాలుడు పెద్దవాడై మన ఏక ద్వి శబ్దములను రసాయన శాస్త్రమున ప్రతిష్ఠించుట ముచ్చట గొలుపు విషయము. ఆ దినములలో పీటర్సుబర్గు సంస్కృత విద్యకు పెద్ద పీఠము. బోట్లింగ్, రోత్ పండితుల సంస్కృత మహానిఘంటువు 1855 నుండి 1875 వరకు అచటనే వెలువడుచుండెను. పాణినీయమును పరిష్కరించిన ఆ బోట్లింగ్ సాహచర్యమువలననే మెండలీఫునకు మన వర్ణవ్యవస్థ పరిచితమయ్యెనని కొందరు పండితుల ఊహ. అది ఊహయే గాని నిరూపితము గాదు. మనవారి గొప్పకై లేనిదానిని కల్పించుకొనవలదు. అయినను రెండు వ్యవస్థలలోను ఒకే బుద్ధి పనిచేసినదనుట మాత్రము సత్యము.

నాలుగేండ్లు గడచెను. ఫలించినచో ప్రవక్త, లేనిచో పరిహాసపాత్రుడు. 1875లో ఫ్రాన్సున లెకాక్ ద బ్వాబోద్రాన్ అను శాస్త్రజ్ఞుడు, పిరనీస్ పర్వతముల జింకు ఖనిజమును వర్ణపటమున పరీక్షించుచు, మునుపెన్నడు చూడని ఊదారంగు గీతలను కనుగొనెను. తాను కన్న క్రొత్త లోహమునకు గాలియం అని పేరిడెను. వార్త చదివిన మెండలీఫు, అది తన ఏక-అల్యూమినియమే అని ప్రకటించెను. కాని సాంద్రత కుదురలేదు. తాను 5.9 అని చెప్పియుండగా, లోహమును చేతబట్టి తూచినవాడు 4.7 అనెను. లోహమును కంటితోనైన చూడని మెండలీఫు, మీ లోహము పరిశుద్ధముగా లేదు, మరల శుద్ధిచేసి తూచుడని సందేశ మంపెను. ఎంతటి ధైర్యము! ఫ్రెంచి పండితుడు మరల శుద్ధిచేసి తూచెను. తేలినది 5.9. ఆ దినమున ఒక చిన్న లోహపు ముక్కతో పాటు, పట్టికయంతయు త్రాసులో తూగి నిలిచెను. ఈ గాలియం 30 డిగ్రీల వేడిమికే కరగును. మన వేసవిలో బల్లపై నుంచిన ద్రవమై పారును.

1879లో స్వీడనుదేశమున నిల్సన్ స్కాండియంను కనుగొనెను. అదియే ఏక-బోరాన్, ఊహించిన భారము 44, తేలినది 45. 1886లో జర్మనీలోని ఫ్రైబర్గున వింక్లరు ఒక వెండి ఖనిజమును విశ్లేషింపగా, ఎన్నిమారులు లెక్కించినను నూటికి ఏడు పాళ్లు లెక్కకు రాకుండెను. ఆ ఏడు పాళ్లలో దాగియున్నది జెర్మేనియం. దాని గడి యేదో మొదట వింక్లరునకు తోచలేదు. మెండలీఫు సైతము వేరొక గడి యనుకొనెను. తుదకు అది ఏక-సిలికానే అని తేలెను. భారము 72 అని పట్టిక చెప్పగా, వింక్లరు కనుగొన్నది 72కు ఇంచుక పైన. సాంద్రత 5.5 అని చెప్పగా, తేలినది దానికి మిక్కిలి చేరువ. దాని క్లోరైడు నూరు డిగ్రీలలోపు మరగునని చెప్పగా, మరగినది 86 కడ. తన జోస్యము తన జీవితకాలముననే మూడుమారులు ఫలించుటను చూచిన భాగ్యశాలి శాస్త్రలోకమున అరుదు.

దాదాపు అదే కాలమున జర్మనీలో లోథర్ మేయరు స్వతంత్రముగా ఇట్టి పట్టికనే రచించెను. 1882లో లండను రాయల్ సొసైటీవారు డేవీ పతకమును ఇరువురకును కలిపి యిచ్చిరి. పరిహాసమునకు గురియైన న్యూలాండ్సునకును 1887లో అదే పతకము లభించుట సంతోషకరము. అయినను లోకము మెండలీఫు పేరునే పట్టికకు ముడివేసినది. ఇతరులు ఉన్నదానిని సర్దిరి. ఆయన లేనిదానికి చోటిచ్చెను.

పట్టికయే ఆయన జీవితసర్వస్వము గాదు. బాకూ చమురుబావులను పరిశీలించెను. 1876లో అమెరికాలోని పెన్సిల్వేనియాకు పోయి అచటి చమురు పరిశ్రమను చూచి వచ్చెను. 1887లో సంపూర్ణ సూర్యగ్రహణమును మేఘములకు పైనుండి చూడనెంచి పొగగుమ్మటమెక్కగా, అది తడిసి ఇరువురను మోయజాలకపోయెను. గుమ్మటము నడుపు నేర్పు లేకున్నను, తోడివానిని దింపి ఒంటరిగా ఆకసమున కెగసి క్షేమముగా దిగెను. కాని స్వదేశపు విజ్ఞాన పరిషత్తు 1880లో స్వల్పమైన తేడాతో ఆయనకు సభ్యత్వమును నిరాకరించెను. 1890లో విద్యార్థుల విన్నపపత్రమును తానే మోసికొనిపోయి విద్యామంత్రి కందించెను. మంత్రి దానిని త్రిప్పిపంపగా, ఆయన తన ఆచార్యపదవిని త్యజించెను. విద్యార్థుల కొరకు గ్రంథము వ్రాయుటతో కీర్తి నార్జించినవాడు, ఆ విద్యార్థుల కొరకే పదవిని విడిచెను. 1893 నుండి తుదివరకు తూనికలు కొలతల సంస్థకు అధిపతియై, రష్యాలో మెట్రిక్ పద్ధతికి బాటవేసెను.

ఇంతవరకు ఖాళీలు విడిచిన మెండలీఫును చూచితిమి. ఆయన విడువని ఖాళీ ఒకటి కలదు. ఆ కథలో మన తెలుగునేలకును చోటున్నది. పట్టిక పుట్టుటకు ఆరునెలలు ముందు, 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినది. దానిని చూచుటకు ఫ్రెంచి పండితుడు జాన్సెన్ మన గుంటూరునకు వచ్చి, సూర్యుని అంచున లేచు జ్వాలల వర్ణపటమున వెలుగుగీతలను కనుగొనెను. ఆ యేడే సూర్యజ్వాలలలో కనబడిన ఒక పసుపుగీత భూమిపై తెలిసిన ఏ మూలకమునదియు గాదని తేలగా, ఇంగ్లండులో లాక్యర్ దానిని సూర్యునిలోని క్రొత్త మూలకముగా భావించెను. అదియే హీలియం. 1895లో రామ్సే దానిని భూమిపైన పట్టి చూపెను. అంతకు ముందటి యేడు రాలే, రామ్సేలు గాలిలో ఆర్గాన్‌ను కనుగొనియుండిరి. దేనితోను చేరని ఈ జడవాయువులకు పట్టికలో గడియే లేదు. గడి కాదు, ఒక నిలువు వరుసయే లేదు! మెండలీఫు కలతపడెను. ఆర్గాన్ క్రొత్త మూలకము కాదు, నత్రజని పరమాణువులు మూడు కూడిన రూపమే అని కొన్నేండ్లు వాదించెను. కాని 1898లో నియాన్, క్రిప్టాన్, జెనాన్ సైతము బయటపడగా, ఆ కుటుంబము లవణజనకములకును క్షారలోహములకును నడుమ చక్కగా ఇమిడినది. శత్రువని భయపడినది చుట్టమై వచ్చినది. ఆయనయు సంతోషముతో అంగీకరించెను.

మరికొన్నింటిని ఆయన అంగీకరింపనేలేదు. 1897లో ఎలక్ట్రాన్ బయటపడినను, రేడియోధార్మికత వలన ఒక మూలకము మరియొకటిగా మారునని తెలియవచ్చినను, పరమాణువు విభజింపరానిది, మూలకము మార్పులేనిది అను తన నమ్మకమును వీడలేదు. ఉదజనికన్న తేలికయగు మూలకములు కలవని వృద్ధాప్యమున చెప్పిన జోస్యములు వమ్మైనవి. టెలూరియం భారము 128, అయొడిన్‌ది 127. గుణమును బట్టి టెలూరియమునే ఆయన ముందుంచెను. అది సరియే. కాని టెలూరియమును తప్పుగా తూచిరనుట సరికాదు. తూకము సరియైనదే; తప్పినది భారమే ఆధారమను నమ్మకము. 1913లో ఇంగ్లండున మోస్లీ అను యువకుడు ఎక్స్ కిరణములతో పరీక్షించి, మూలకమునకు అసలు గుర్తు దాని కేంద్రకములోని ధనావేశపు సంఖ్య, అనగా పరమాణు సంఖ్య యని చూపెను. టెలూరియం 52, అయొడిన్ 53. చిక్కు వీడినది. తాను కారణమెరుగని నియమమును మెండలీఫు గుణముల నాధారముగా సరిగా పట్టెను. కారణము చెప్పిన మోస్లీ 1915లో గల్లిపోలి యుద్ధరంగమున ఇరువదియేడేండ్లకే నేలకొరిగెను.

1906లో నోబెల్ బహుమతికి నిర్ణాయకసంఘము మెండలీఫు పేరునే సూచించినను, స్వీడను విజ్ఞాన పరిషత్తు దానిని ఫ్లోరిన్‌ను వేరుచేసిన మొయిసాన్‌కు ప్రసాదించెను. మరుసటి యేటికి వేచియుండుటకు కాలము గడువీయలేదు. 1907 ఫిబ్రవరి 2న, డెబ్బదిమూడవ యేడు నిండుటకు ఆరు దినములు ముందు, మెండలీఫు పీటర్సుబర్గున కన్నుమూసెను. అదే నెలలో మొయిసాన్ సైతము మరణించెను. బహుమతుల జాబితాలో మెండలీఫు పేరు లేదు. కాని 1955లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ శాస్త్రజ్ఞులు 101వ మూలకమును సృష్టించి, దానికి మెండలీవియం అని పేరిడిరి. అమెరికా, రష్యాలు పరస్పరము కత్తులు నూరుకొనుచున్న దినములవి. మొదట వారికి దొరకినవి పదునేడు పరమాణువులు మాత్రమే.

నాడు 63 గడులతో మొదలైన పట్టిక నేడు 118 గడులతో ఏడు వరుసలను నింపుకొన్నది. కడపటి నాలుగింటికి 2016లో పేర్లు స్థిరపడినవి. పట్టికకు నూటయేబది యేండ్లు నిండిన 2019ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ ఆవర్తన పట్టిక సంవత్సరముగా ప్రకటించినది. ఇంకను పుట్టని 119వ మూలకమును ఏక-ఫ్రాన్సియం అని నేటికిని పిలుచుట కలదు. ఏక శబ్దము ఇంకను ఒక ఖాళీ గడి ముంగిట కావలి కాయుచున్నది.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి యొకటి. తరగతి గోడపై ఆ పట్టికను వ్రేలాడదీయునపుడు, గడులన్నియు నిండియున్న ఆ పటము బాలురకు కంఠస్థము చేయవలసిన భారముగా తోచును. గాలియం, జెర్మేనియంల గడులపై ఒక్క నిమిషము రెండు చీటీలు అంటించుడు. ఒకనాడు ఇవి ఖాళీగా ఉండెననియు, ఒక ఉపాధ్యాయుడు పాఠము సరిగా చెప్పుటకై తపించుచు తనకు తెలియనిచోట తెలియదని వ్రాయుటకు సిగ్గుపడలేదనియు చెప్పుడు. మన మెరుగనిదానికి ఎంత చోటు విడువవలెనో ఖచ్చితముగా ఎరుగుట కూడ విద్యయే. ఇకమీదట ఙ ఏల నేర్పుదురని ఏ విద్యార్థియైన నన్ను అడిగినచో, పాణినితో పాటు ఈ సైబీరియా బాలుని కథను కూడ చెప్పవలెనని నిశ్చయించుకొంటిని.